పెద్దమ్మ నోటుబుక్కు

అమ్మీకి డయాలసిస్ మొదలైనప్పుడు గుంటూరు ఆసుపత్రిలో మాకు సోమ, బుధ, శుక్రవారాలు ఇచ్చారు. ఒక్కో సిట్టింగు నాలుగు గంటలు. పక్క మంచం ఒక రిటైరైన టీచరుగారిది. ఆయనకు తోడుగా వాళ్ళావిడ వచ్చేది. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆమె సంచిలో ఫ్లాస్కు, బైబిలు, ఒక రూళ్ళ నోటుబుక్కు ఉండేవి. బైబిలుతో సమానంగా ఆ నోటుబుక్కునీ తెరిచేది.

ఒక శుక్రవారం జుమాకి వేళవుతోంది. అమ్మీని వదిలి ఎలా వెళ్ళాలా అని తచ్చాడుతుంటే, "పోయి నమాజు చేసుకుని రా నాయనా, నేను చూసుకుంటాలే" అంది పెద్దమ్మ. తిరిగొచ్చేసరికి అమ్మీ చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని ఏదో అంటోంది. "యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్" అన్న చివరిమాట నా చెవిన పడింది. అమ్మీ కూడా "ఆమీన్" అంది.

నాకు కాళ్ళకింద నేల కదిలినట్టయింది. ఇంటికొచ్చాక ఉండబట్టలేక అడిగేశాను. "అది షిర్క్ కాదా అమ్మీ?" అమ్మీ నీరసంగా నవ్వింది. "ఆమె నాకు షిఫా అడిగింది బేటా. నేను ఆమీన్ అన్నది నా అల్లాహ్‌తో. ఆమె ఈమాన్ ఆమెది, నా అఖీదా నాది. దానికోసం ఆమె చెయ్యి విదిలించుకోనా?"

మళ్ళీ సిట్టింగులో పెద్దమ్మనే సూటిగా అడిగాను. ఆమె నొచ్చుకోలేదు. నోటుబుక్కు తెరిచి చూపించింది. ప్రతి గీతమీదా ఒక పేరు, పక్కన ఒక అవసరం. ఆపరేషను, ఉద్యోగం, తాగుడు, కోర్టు కేసు. "దీన్ని విజ్ఞాపన ప్రార్థన అంటాం నాయనా. మనకోసం కాదు, ఎదుటివాళ్ళ కోసం దేవుడి ముందు నిలబడ్డం" అంది. వాళ్ళది లూథరన్ సంఘం. మరియమ్మనీ పునీతులనీ మాకోసం వేడుకోమని అడగడం వాళ్ళలో లేదట. అది ఆర్‌సీఎం వాళ్ళ పద్ధతి, అందుకే ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండకు అంత జనం అంది. "మాకు మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే. ఆయన తండ్రి కుడిపక్కన కూర్చుని మాకోసం విజ్ఞాపన చేస్తూనే ఉంటాడు. ఆయన పేరు లేకుండా నాకు అడగడం రాదు నాయనా."

ఇక్కడ మా దారులు వేరు. మాకు ఈసా అలైహిస్సలాం అల్లాహ్ పంపిన పైగంబర్. షఫాఅత్ ఎవరు చేసినా అల్లాహ్ ఇజాజత్‌తోనే అని ఆయతుల్ కుర్సీలో రోజూ చదువుకునేవాళ్ళం. ఆ తేడాని నేను దాచలేదు, ఆమే దాచలేదు. కానీ సొదొమ కోసం అబ్రాహాము యాభైమంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి పదిమంది దాకా దేవుణ్ణి బతిమాలిన కథ ఆమె చెబుతుంటే, హూద్ సూరాలో లూత్ ఖౌమ్ కోసం వాదించిన మా ఇబ్రాహీం అలైహిస్సలాం గుర్తొచ్చాడు. ఎవరికోసమైనా వాళ్ళు లేనిచోట దువా చేస్తే, ఒక ఫరిష్తా "నీకూ అదే దొరకాలి" అంటాడన్న హదీసు కూడా గుర్తొచ్చింది. నేను ఎంతమంది కోసం అలా అడిగాను?

అయిదు నెలలకి అమ్మీ వెళ్ళిపోయింది. చాలీస్వాఁ అయిన తర్వాత, మిగిలిన మందులు ఎవరికైనా పనికొస్తాయేమోనని ఆసుపత్రికి వెళ్ళాను. పెద్దమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నోటుబుక్కులో అమ్మీ పేరు కొట్టేసి ఉంది.

"ఇంక మా అమ్మీ కోసం అడగవా పెద్దమ్మా?"

"మా సంఘంలో పోయినవాళ్ళకోసం ప్రార్థన చెయ్యం నాయనా. ఇంక ఆమె దేవుడి చేతిలో ఉంది."

దిల్ చివుక్కుమంది. నేను రోజూ ఖబరస్తాన్‌కి వెళ్ళి అమ్మీ మగ్ఫిరత్ కోసం చేతులెత్తుతున్నాను. ఆమెకేమో ఆ పని అయిపోయింది. అప్పుడు కొట్టేసిన పేరు కింద గీత చూశాను. "ఆమె పెద్దకొడుకు. నిద్ర పట్టడంలేదు" అని రాసుంది. నిద్ర సంగతి నేనెవరికీ చెప్పలేదు. నా కళ్ళు చూసి రాసుకుందేమో.

వచ్చేస్తుంటే ఆగమంది. "మీ నమాజులో మా సారుకోసం కూడా ఒకమాట అడుగుతావా?"

సరేనన్నాక గుర్తొచ్చింది, ఆయన పేరేమిటో నాకు తెలీదు. అయిదు నెలలు పక్కపక్కనే ఉన్నాం. ఆమె మా ఇంట్లో అందరి పేర్లూ రాసుకుంది, నేను ఒక్క పేరూ అడగలేదు. అప్పుడు అడిగి తెలుసుకున్నాను.

ఆ రాత్రి ఇషా అయ్యాక జానిమాజ్ మీద అలాగే కూర్చుండిపోయాను. ముందు అమ్మీకి మగ్ఫిరత్ అడిగాను. తర్వాత సారు పేరు చెప్పి షిఫా అడిగాను. మా ఖాందాన్ బయటి పేరొకటి నా దువాలోకి రావడం అదే మొదటిసారి.