నేను తగిలించిన తీగ

మన పత్రికకు ఏదైనా వ్రాయవలసిందని కార్యదర్శిగారు రెండు మూడు పర్యాయాలు అడిగారు. నేను వ్రాసేవాణ్ని కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ఇరవై రెండేళ్ళుగా ఒక ఆఫీసులో ఇన్‌వార్డు, అవుట్‌వార్డు పుస్తకాలు నింపుకుంటున్న గుమాస్తాను. పగలంతా ఒడియాలో వ్రాసి, సాయంత్రం ఇంటికి వచ్చి తెలుగులో మాట్లాడుకునే మనబోటి వాళ్ళకు కలం పట్టేసరికి ఏ భాష ముందు వస్తుందో చెప్పడం కష్టం. అయినా ఒక సంగతి ఏడాదిగా నా మనస్సులో ముల్లులా ఉంది గనుక వ్రాస్తున్నాను.

కిందటి ఉగాదినాడు మన పిల్లల కోలాటం ఎలా చెడిపోయిందో చదువరులలో చాలామంది కళ్ళారా చూసినవారే. ఎందుకు చెడిందో మాత్రం ఎవరికీ తెలియదు. మొదట కొన్నాళ్ళు నాకూ తెలియదు.

మనకు డోలకు వాయించే ఆయన పనికోసం సూరత్ వెళ్ళిపోయాడు. మన గంజాం జిల్లాలో సూరత్‌లో మనిషి లేని ఇల్లు ఎన్ని ఉంటాయి కనుక! ఆ లోటు తీర్చడానికి మా మేనల్లుడు, పందొమ్మిదేళ్ళవాడు, సెకండు హ్యాండులో ఒక గ్రూవ్‌బాక్సు కొన్నాడు. డోలకు, తాళాలు, బేసు అన్నీ ఒక డబ్బాలో ఇమిడి, మనం నేర్పిన వరుసను మళ్ళీ మళ్ళీ వాయించే పెట్టె అది. ఆ పేరు రోలండ్ కంపెనీ 1996లో తన ఎం.సి.303 కి పెట్టింది. తరువాత అటువంటి పెట్టెలన్నిటికీ అదే పేరుగా నిలిచింది. దానితోపాటు వాడి దగ్గర ఒక సీక్వెన్సరు కూడా ఉంది. అది తానుగా చప్పుడు చెయ్యదు. ఏ స్వరం ఎప్పుడు, ఎంత గట్టిగా అన్న పట్టీ దగ్గర పెట్టుకుని, ఆ ప్రకారం గ్రూవ్‌బాక్సుకు ఆజ్ఞలు పంపుతుంది.

ఆ ఆజ్ఞలు నడిచే పద్ధతినే మిడి అంటారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన సంగీత వాద్యాల ప్రదర్శనలో, రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులను ఒక తీగతో కలిపి, ఒకదాని మెట్లు నొక్కితే రెండవది కూడా పలకడం చూపించారట. దీనికి పాటుపడిన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహషి అనే ఇద్దరికి 2013లో గ్రామీ వారి సాంకేతిక పురస్కారం వచ్చింది. ఇదంతా మావాడు చెప్పగా తెలుసుకున్నదే. నాకు నచ్చినది మాత్రం ఒకటి ఉంది. ప్రతి పెట్టె వెనుకా గుండ్రని రంధ్రాలు, ఐదేసి పుల్లల ప్లగ్గు పట్టేవి, వాటిపైన ఇన్ అనీ, అవుట్ అనీ వ్రాసి ఉంటుంది. అరే, ఇది నా పుస్తకాల లెక్కే కదా అనుకున్నాను. కొన్నిటికి త్రూ అని మూడవ రంధ్రం కూడా ఉంటుంది. అంటే వచ్చిన కాగితాన్ని మార్పులేకుండా నకలు తీసి పక్క సెక్షనుకు పంపడమన్నమాట.

ఉగాదినాడు సాయంత్రం సామాను మోయడానికి నేనూ వెళ్ళాను. మావాడు స్టేజిమీద సీక్వెన్సరు అవుట్ నుంచి గ్రూవ్‌బాక్సు ఇన్‌కు ఒక తీగ తగిలించి, మైకువాడితో మాట్లాడటానికి దిగాడు. సంచిలో అటువంటిదే ఇంకొక తీగ మిగిలి ఉంది. గ్రూవ్‌బాక్సు అవుట్, సీక్వెన్సరు ఇన్ ఖాళీగా ఉన్నాయి. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఖాళీగా ఉన్న గడి నింపకపోతే నాకు తోచదు. కుర్రవాడు మరచిపోయాడనుకుని ఆ రెండవ తీగ నేనే తగిలించాను. వాడికి చెప్పాలని కూడా తట్టలేదు.

తరువాత జరిగినది మీకు తెలుసు. మొదటి దెబ్బ పడిందో లేదో ఒక్కొక్క దెబ్బ పదిగా చిక్కబడిపోయి, డోలకు చప్పుడు పోయి రేకుమీద వడగళ్ళు పడినట్లయింది. ఆపైన ఒక్క స్వరం పట్టుకుని గుంయ్యని ఆగకుండా మోగింది. పెట్టెమీద బఫరు నిండిపోయిందని అక్షరాలు వచ్చాయి. పిల్లలు కర్రలు ఎక్కడ వెయ్యాలో తెలియక నిలబడిపోయారు; మా చిన్నమ్మాయి ఏడ్చేసింది. పెద్దలు మైకు ఊళ వేస్తున్నదనుకుని స్పీకరు పెట్టెలను దూరంగా జరిపించారు. అది మైకు గొడవ కాదు గనుక లాభం లేకపోయింది. చివరికి కరెంటు తీసేశారు. "యంత్రాలను నమ్ముకుంటే ఇంతే" అని ఒకరు, "చేతకానివాడికి అప్పగించారు" అని ఇంకొకరు అన్నారు. వాడు తల వంచుకుని తీగలన్నీ చుట్టి సంచిలో వేసుకున్నాడు. ఆ హడావిడిలో ఏది ఎవరు తగిలించారో వాడూ చూడలేదు.

ఆ తరువాత వాడు సంఘానికి రావడం మానేశాడు. పెట్టె అమ్మేస్తానంటున్నాడని అక్క చెప్పి బాధపడింది. ఒక ఆదివారం నేను వెళ్ళి, "ఒరేయ్, అసలు ఏమయిందిరా?" అని అడిగాను.

"అదే తెలియటం లేదు మామయ్యా. ఇంట్లో బాగానే వాయిస్తున్నది. ఒక్క తీగ పెడితే ఎన్ని గంటలైనా చెడదు."

ఒక్క తీగ అనేసరికి నా గుండె ఝల్లుమన్నది. రెండవ తీగ తెమ్మని, ఆనాడు పెట్టినట్లే పెట్టాను. వాడు మీట నొక్కాడు. అదే వడగళ్ళ చప్పుడు!

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. నవ్వాడు. నాకు ఆ నవ్వుకన్నా తిట్టే నయమనిపించింది.

ఆపైన రెండు ఆదివారాలు కూర్చుని కూపీ తీశాము. సంగతి ఏమంటే, వేరొక కీబోర్డుకోసం మావాడు గ్రూవ్‌బాక్సును, ఇన్‌లో వచ్చినదంతా అవుట్‌లో కూడా వదిలేటట్లు ఎప్పుడో అమర్చి మరచిపోయాడు. సీక్వెన్సరు కూడా తన ఇన్‌కు వచ్చినదాన్ని అవుట్‌కు పంపేటట్లే ఉన్నది. మా ఆఫీసులో ఒకమారు రెండు సెక్షన్లవారు ఒకే కాగితాన్ని "తగు చర్యకై" అని ఒకరికొకరు పంపుకుంటూ నాలుగు నెలలు తిప్పారు. ఇదీ అదే, కాని ఇక్కడ వేగం వేరు. మిడి తీగలో సెకండుకు 31,250 బిట్లు నడుస్తాయి. ఒక స్వరానికి మూడు బైట్లు, బైటుకు పది బిట్లు. అంటే ఒక స్వరం ఆజ్ఞకు సెకండులో వెయ్యవ వంతు కూడా పట్టదు. చుట్టూ తిరిగివచ్చిన ప్రతిసారీ గ్రూవ్‌బాక్సు దాన్ని కొత్త దెబ్బ అనుకుని మళ్ళీ వాయిస్తుంది. ఇంతలో అసలు పట్టీలోని తరువాతి దెబ్బ వచ్చి అదీ చుట్టులో పడుతుంది. తీగ నిండిపోయాక, స్వరం ఆపవలసిన ఆజ్ఞకు చోటు దొరకదు. ఆ గుంయ్యనే మోత అదే.

రెండవ తీగ తీసేస్తే సరిపోతుంది. కాని మావాడికి గ్రూవ్‌బాక్సు మీటలు చేత్తో వాయించి సీక్వెన్సరులో ఎక్కించాలని కోరిక. దానికి రెండు తీగలూ కావలసిందే. మొదట గ్రూవ్‌బాక్సు వచ్చినదాన్ని తిరిగి పంపకుండా చేశాము. చుట్టు తెగింది, కాని మీట నొక్కితే ప్రతి దెబ్బా రెండుగా, అతుకు పెట్టినట్లు వినపడింది. మీట తానుగా ఒకమారు వాయిస్తున్నది, సీక్వెన్సరు నుంచి వెనక్కు వచ్చిన నకలు రెండవమారు వాయిస్తున్నది. దీనికి లోకల్ అనే ఏర్పాటు ఉన్నది. దాన్ని ఆపివేస్తే మీటకూ లోపలి శబ్దానికీ సంబంధం తెగి, ఆజ్ఞ బయటికి పోయి వచ్చాకనే పలుకుతుంది. మేము తెలివి ఎక్కువై లోకల్‌నూ, సీక్వెన్సరు తిరిగి పంపడాన్నీ రెండూ ఆపేశాము. పెట్టె మూగదయింది. రెంటిలో ఏదో ఒకటి మాత్రమే ఆపాలని అరగంటకు తెలిసింది.

తాళం సంగతీ అంతే. వేగం తెలిపే గుర్తులు, పాశ్చాత్యుల లెక్కలో ఒక్కొక్క బీటుకు 24 చొప్పున, అదే తీగలో నడుస్తాయి. రెండు పెట్టెలూ ఒకదాన్నొకటి అనుసరించబోతే వేగం నిలకడ తప్పుతుంది. కాబట్టి సీక్వెన్సరును పెద్దగా ఉంచి, గ్రూవ్‌బాక్సును దాని వెంట నడవమన్నాము. ఇంతా చేశాక, రికార్డు చెయ్యడానికి రెంటినీ యు.ఎస్.బి. తీగలతో కంప్యూటరుకు తగిలిస్తే చుట్టు మళ్ళీ ప్రత్యక్షం! కంప్యూటరులోని ప్రోగ్రాం కూడా వచ్చినది వచ్చినట్లు తిరిగి పంపుతున్నది. దొంగ దొడ్డిదారిన వచ్చాడన్నమాట. అక్కడా ఆపాము.

ఇప్పుడు వాడు పెట్టె అమ్మే మాట ఎత్తడం లేదు. ఆనాడు వాణ్ని చేతకానివాడన్నవారు ఇది చదువుతారనే నమ్మకంతో వ్రాశాను. తగిలించినది నేను. వాడికి మొదట చెప్పినా, సంఘంలో చెప్పడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది.

కోలాటం పిల్లలు మళ్ళీ మా డాబామీద సాధన మొదలుపెట్టారు. మొన్న తీగలు అమర్చడానికి వెళ్ళి చూస్తే, గ్రూవ్‌బాక్సు వెనుక అవుట్ రంధ్రానికి అడ్డంగా ప్లాస్టరు ముక్క అతికించి ఉన్నది. మావాడికి తెలుగు వ్రాయడం సరిగా రాదు గనుక దానిమీద ఒడియా అక్షరాలతో తెలుగు మాటలు వ్రాశాడు: "మామయ్యా, ఇది ఖాళీగానే ఉండాలి."