మన్యం దారిలో... ఓ పాత బాకీ

నలుగురు స్నేహితులు, ఓ పాత జీపు, రెండు గుడారాలు, వెనక సీటు కింద వంటసామాను. డిసెంబరు చివరి వారంలో ఓ తెల్లవారుజామున విశాఖపట్నం నుంచి బయల్దేరిన ఈ బృందానికి ఓ ప్రత్యేకత ఉంది. నలుగురూ ఒకే హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లు. ఇప్పుడు అందరికీ అరవై దగ్గరపడింది. ఒకాయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. ఇంకొకాయనకి మందుల షాపు ఉంది. జీపు సొంతదారుడికి మెకానిక్ షెడ్డు. నాలుగో ఆయన బడిపంతులు. మిగతా ముగ్గురూ ఆయన్ని ‘మాస్టారూ’ అనే పిలుస్తారు, కాస్త వెటకారంగా.

అరకు, పాడేరు, లంబసింగి చుట్టి మూడు రోజుల్లో రావాలన్నది ఇరవై ఏళ్లనాటి మాట. ఓ ఏడాది పిల్లల పరీక్షలు, మరో ఏడాది గృహప్రవేశం, ఇంకో ఏడాది పెళ్లిళ్లు. ఏటా వాయిదా పడుతూనే వచ్చింది. ఈసారి మాత్రం మాస్టారు పట్టుబట్టారు. ఎందుకో శృంగవరపుకోటలో టీ తాగుతున్నప్పుడుగానీ చెప్పలేదు.

‘‘పెదబయలు వైపు ఓ ఊరుంది. అక్కడ కాసేపు ఆగుదాంరా.’’

‘‘ఎవరున్నార్రా అక్కడ?’’

‘‘ఉన్నారో లేరో తెలీదు.’’

అంతకుమించి ఆయన ఏమీ చెప్పలేదు. వాళ్లూ అడగలేదు.

పట్టాలతో పోటీగా...

ఎస్.కోట దాటాక కొండలు మొదలవుతాయి. ఘాట్ రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా కొత్తవలస- కిరండూల్ రైల్వే లైను ఎక్కడో ఓచోట తొంగిచూస్తుంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి అక్కణ్నుంచి జపాన్‌కు పంపేందుకు 1960ల్లో కొండల్ని తొలిచి వేసిన లైను ఇది. దారిలో 58 సొరంగాలు! ఖనిజం కోసం వేసిన ఆ పట్టాల మీదే ఇప్పుడు అద్దాల పెట్టెలో పర్యాటకులు అరకు వెళ్తున్నారు.

దారి మళ్లి బొర్రా గుహలు చూశారు. సున్నపురాతి పొరల్లోంచి నీరు చుక్కచుక్కగా దిగి, లక్షల ఏళ్లలో కట్టిన స్తంభాలూ లింగాలూ. ‘మనం నలభయ్యేళ్ల స్నేహమని గొప్పలు చెప్పుకుంటున్నాం’ అని మందుల షాపాయన నవ్వారు.

అనంతగిరి దగ్గర జీపు ఆపి కాఫీ తోటల్లోకి నడిచారు. ఎత్తుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో గుబురుగా కాఫీ మొక్కలు. ఎర్రగా పండిన కాయల్ని ఆడవాళ్లు ఒక్కొక్కటిగా ఏరి బుట్టల్లో వేస్తున్నారు. పచ్చివీ పండువీ కలిపి దూసేస్తే రుచి చెడుతుంది. అందుకే ఒకే మొక్క దగ్గరకు నాలుగైదుసార్లు రావాల్సిందే. ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిందంటే దాని వెనక ఇలా ఏరిన వేళ్లెన్నో.

అడగకుండా వేసిన గుడారం

అరకు దాటి డుంబ్రిగూడ వైపు వెళ్తుండగా చీకటి పడింది. రోడ్డు పక్కన కోతలైపోయిన పొలం, అవతల చిన్న వాగు. ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? జీపు దించేశారు. గుడారాలు వేసి, పొయ్యి రాజేసి, ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుండగా టార్చిలైటు వెలుగు పడింది. తలకి మఫ్లరు, భుజాన దుప్పటి, వెనక ఓ కుక్క. పొలం ఆసామి.

‘‘చెప్తే వద్దంటామా బాబూ? వలిసెలు కోసి ఆరబెట్టుకున్నాం. మీ జీపు చక్రం దాని మీదే ఉంది.’’

నలుగురికీ నోట మాట రాలేదు. బ్యాంకు మేనేజరు గబగబా పర్సు తీశారు. ఆ రైతు డబ్బు ముట్టుకోలేదు. జీపు వెనక్కి తీయించి, చెదిరిన కట్టలు మళ్లీ పేర్చుకున్నాడు. చక్రం కింద రాలిన గింజల్ని టార్చి వెలుగులో దుప్పటి కొంగులోకి ఊడ్చుకున్నాడు. నలుగురూ వంగి సాయం పట్టారు. అరగంట తర్వాత వాళ్ల గుడారాలు ఆయన ఇంటి పక్క కళ్లంలోకి మారాయి. పొద్దున్నే ఆ ఇంటి ఇల్లాలు చెంబులతో వేడివేడి చోడి అంబలి పంపించింది.

పట్నం కళ్లకి ఖాళీగా కనిపించే మన్యం నేల నిజానికి ఖాళీ కాదు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదని 1/70 చట్టం చెబుతోంది. అంటే గుడారం మేకు దిగిన ప్రతి గజానికీ ఓ ఇల్లూ, ఆ ఇంటికో పంటా ఉన్నట్టే. చట్టం సంగతి మేనేజరుకి ముందే తెలుసు. ‘‘బ్యాంకులో కాగితాల మీద చదవడం వేరు, గింజలేరడం వేరురా’’ అన్నారు జీపెక్కుతూ.

డోలీ ఎక్కిన దారి

హుకుంపేట దాకా దారి పొడవునా లోయలు. అక్కడక్కడా ఆలస్యంగా వేసిన వలిసె చేలల్లో ఇంకా పసుపుపచ్చ పూలున్నాయి. మన్యంలో సంతంటే సరుకుల కోసమే కాదు, చుట్టాల్ని కలుసుకోవడానికీ అదే చోటు. పసుపు కొమ్ములు, పిప్పళ్లు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు, రాజ్‌మా గింజలు... కొండ మీద నుంచి తలమీద పెట్టుకుని దింపినవి. తిరిగి ఎక్కేవి ఉప్పు, నూనె, ఎండుచేపలు, బట్టలు. స్నేహితులు పసుపూ మిరియాలూ కొన్నారు. బేరం ఆడబోయిన మెకానిక్ని మాస్టారు కళ్లతోనే వారించారు.

పెదబయలు వైపు జీపు మళ్లాక ఆయన నోరు విప్పారు.

1988. ఇరవై రెండేళ్ల వయసు, మొదటి ఉద్యోగం. రోడ్డు దిగి మూడు కొండలు నడిస్తే ఊరు. అక్కడ మాట్లాడేది సగం తెలుగు, సగం ఆదివాసీ ఒడియా. బడికి గోడలున్నాయి, తలుపుల్లేవు. ఓ ఇంట్లో వసారా ఇచ్చారు. ఆ ఇంటామెను ‘అక్కా’ అని పిలిచేవారు. ఆమె పెట్టిందే తిండి. ఎనిమిది నెలలు గడిచాయో లేదో మలేరియా పట్టుకుంది. మూడో రోజుకి తెలివి లేదు. ఆమె భర్త, మరో ముగ్గురు కలిసి దుప్పటిని కర్రకి కట్టి డోలీ చేసి, రాత్రంతా మోసుకుంటూ రోడ్డు దాకా తెచ్చారు. అక్కణ్నుంచి జీపులో పాడేరు ఆసుపత్రి. కబురందుకున్న తండ్రి వచ్చి విశాఖ తీసుకెళ్లిపోయారు. కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా తంటాలుపడి బదిలీ చేయించారు.

‘‘మళ్లీ వెళ్లలేదా?’’

‘‘లేదు. మొదట్లో భయం. తర్వాత సిగ్గు. ఆ తర్వాత అలవాటైపోయింది.’’

‘ఏ మేష్టరు బాబూ?’

ఊరికి ఇప్పుడు సిమెంటు రోడ్డుంది. బడికి తలుపులున్నాయి. ఇళ్ల మీద రేకులు, రేకుల మీద టీవీ గొడుగులు. అడుగుతూ వెళ్తే ఓ కుర్రాడు ఇల్లు చూపించాడు. ఆ ఇంటి మనవడే.

వసారాలో ఎండకి కూర్చుని ఉందామె. ఎనభైకి దగ్గర వయసు, ముక్కుకి రెండువైపులా పుడకలు. మాస్టారు దగ్గరకు వెళ్లి కింద కూర్చున్నారు. విశాఖలో కొన్న చీర, రగ్గు పక్కన పెట్టారు.

‘‘అక్కా... నేను. మేష్టర్ని.’’

ఆమె చాలాసేపు చూసింది.

‘‘ఏ మేష్టరు బాబూ? శానామంది మేష్టర్లొచ్చారు. అందరూ మళ్లీ వస్తామనే ఎల్లారు.’’

ఎవరూ మాట్లాడలేదు. మాస్టారు పేరు చెప్పారు, ఏడాది చెప్పారు, వసారాలో తను పడుకున్న మూల చూపించారు. ఆమెకి గుర్తు రాలేదు. చివరికి జ్వరం సంగతి, డోలీ సంగతి చెప్పారు. అప్పుడు ఆమె ముఖం మారింది.

‘‘ఆ డోలీ మా ఇంటాయనా మోశాడు. భుజం పుండైపోయింది. మొన్న మొన్నటిదాకా అనుకునేవోడు, ఆ పిల్లోడు బతికాడో లేదోనని.’’ కాసేపాగి, ఎదురుగా కూర్చున్న నెరిసిన జుట్టు మనిషిని అడిగింది: ‘‘మరి జొరం తగ్గిందా బాబూ?’’

ముప్ఫై అయిదేళ్లకు పైగా ఆ ఇంట్లో జవాబు లేకుండా మిగిలిన ప్రశ్న! డోలీ మోసిన నలుగురిలో ఇప్పుడు ఒక్కరే ఉన్నారని మనవడు చెప్పాడు. ఆయన ఇంటికీ వెళ్లారు. ఆయన మాస్టారి చెయ్యి పట్టుకుని, భుజం తట్టి, ‘అప్పుడు ఇంత బరువు లేవు’ అన్నాడు. అందరూ నవ్వారు, మాస్టారు తప్ప.

చీర ఆమె తీసుకుంది. డబ్బు ఇవ్వబోతే వద్దంది. భోజనం చేసి వెళ్లమంది. సామల అన్నం, కందిపప్పు, ఎండుచేపల పులుసు. బయల్దేరేటప్పుడు ఒక్కటే మాటంది: ‘‘ఇంటికి చేరాక కబురెట్టు.’’

మనవడి ఫోన్ నంబరు రాసుకున్నారు. సిగ్నలు ఊరవతల మలుపు దగ్గరే వస్తుందట.

లంబసింగి మంచులో...

పాడేరు, జి.మాడుగుల మీదుగా లంబసింగి చేరేసరికి రాత్రయింది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఈ ఊరికి కొర్రబయలు అనే పేరూ ఉంది. బయట నిలబడితే మనిషి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. చలికాలంలో కొన్నిసార్లు ఇక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి జారిపోతుంది.

ఈసారి అడిగే గుడారం వేశారు. స్థానిక కుర్రాళ్లు తమ పొలాల్లోనే గుడారాలు అద్దెకిస్తున్నారు. చలిమంటకి కట్టెలు, వెదురు బొంగులో కాల్చిన బొంగు చికెన్ కూడా వాళ్లే తెస్తారు. పక్క గుడారాల్లో పాటల హోరు మాత్రం అర్ధరాత్రి దాకా తగ్గలేదు. తెల్లవారాక చూస్తే... రోడ్డు మీదికి మంచు పాలనురగలా దిగుతోంది, పదడుగుల అవతల మనిషి కనిపించడు. కాసేపటికి మంచు విడింది. దాని కింద నీళ్ల సీసాలు, చిప్స్ పొట్లాలు, కాగితం పళ్లేలు! మందుల షాపాయన ఏమీ అనకుండా గోనెసంచి తీశారు. తమవీ, పక్కవాళ్లవీ కలిపి ఏరి జీపులో వేశారు.

నర్సీపట్నం వైపు దిగే ఆ ఘాట్ రోడ్డుకీ ఓ కథ ఉంది. బ్రిటిష్ హయాంలో నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా రోడ్డు వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. అడవి చట్టాలు పోడుకి అడ్డం తిరిగాయి. ఆ కడుపుమంటే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దాడిగా రాజుకుంది. సరిగ్గా వందేళ్ల తర్వాత, 2022లో, పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. నర్సీపట్నం దిగాక పక్కకు మళ్లి కృష్ణదేవిపేటలో ఆయన సమాధి దగ్గర నలుగురూ కాసేపు నిలబడ్డారు. 1924 మే 7న కాల్చి చంపిన తర్వాత ఆయనకు అంత్యక్రియలు జరిగింది అక్కడే.

విశాఖ చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. మాస్టారు కాళ్లు కూడా కడుక్కోకుండా ఫోన్ తీశారు. మొదటిసారి కలవలేదు. రెండోసారీ అంతే. మూడోసారి మనవడు ఎత్తాడు. నానమ్మ తనతోపాటే మలుపు దగ్గరికొచ్చి గంట నుంచీ కూర్చుందన్నాడు. ఫోన్ చేతులు మారింది.

‘‘చేరానక్కా’’ అన్నారు మాస్టారు.

‘‘సరే బాబూ, పడుకో.’’

ఇలా వెళ్లొచ్చు

విశాఖపట్నం నుంచి అరకుకు రోడ్డు మార్గంలో దాదాపు 115 కిలోమీటర్లు. అక్కణ్నుంచి పాడేరుకు సుమారు 45. జి.మాడుగుల, లంబసింగి, నర్సీపట్నం, అనకాపల్లి మీదుగా తిరిగి రావచ్చు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఘాట్ రోడ్లలో రాత్రి ప్రయాణం, మంచులో వేగం వద్దు. ఉన్ని దుస్తులతోపాటు దోమతెర తప్పనిసరి, మన్యంలో మలేరియా భయం ఇంకా పూర్తిగా పోలేదు. గుడారం వేసేముందు పొలం ఎవరిదో అడగండి. కాఫీ తోటల దగ్గర, ఎండుగడ్డి దగ్గర మంట వేయొద్దు. తీసుకెళ్లిన ప్లాస్టిక్ వెనక్కి తెచ్చేయండి. దారిలో ఎవరైనా అన్నం పెడితే, ఇంటికి చేరాక ఓ ఫోన్ చేయండి.