చేపమేడ – ఏనుగుమేడ

హైదరాబాదు నగరమున మెహదీపట్నము నుండి విమానాశ్రయమునకు పోవు ఎత్తు వంతెన ప్రక్కన ఒక పెద్ద చేప కలదు. అది నీటిలోని చేప కాదు, నాలుగంతస్తుల కచేరీ. 2006లో ఏర్పడిన జాతీయ మత్స్యాభివృద్ధి మండలి 2012లో ఈ మేడలో ప్రవేశించినది. గుండ్రని కన్నులు, రెక్కలు, తోక, మెఱయు లోహపు రేకుల ఒడలు. చదువురానివాడు సైతము బోర్డు చూడకయే అందు జరుగు పని యేమో చెప్పగలడు.

ఆ మధ్య మా బడి పిల్లలతో ఆ నగరము చూడబోయినప్పుడు ఆ త్రోవనే పోయితిమి. గోలకొండను చూచి మౌనముగా నున్న పిల్లలు చేపను చూడగానే బస్సు కిటికీలకు ఉఱికిరి. “అయ్యవారూ, చేప కడుపులో కూర్చొనే జీతం తీసుకొంటారా?” అని యొకడు. అందఱము నవ్వితిమి. అంతలో వెనుక నుండి ఒక బాలిక, “ఆ ఆఫీసు మూసేస్తే చేపను ఏం చేస్తారు?” అని అడిగినది. మా నవ్వు ఆగినది. గని మూతపడిన ఊరి పిల్లకు గాక ఇట్టి ప్రశ్న ఇంకెవరికి తోచును?

దీనికి జవాబు అమెరికాలో కలదు. న్యూజెర్సీ రాష్ట్రమున సముద్రపుటొడ్డున 1881లో లాఫర్టీ యను నతడు ఇండ్లస్థలములు అమ్ముకొనుటకై, కొనువారిని ఆకర్షింప నొక ఏనుగుమేడ కట్టించెను. కొయ్యతో చేసి పైన తగరపు రేకులు తొడిగిన ఆ ఏనుగు ఎత్తు 65 అడుగులు. అతని ఊహతో వెలసిన మఱి రెండు ఏనుగులును ఉండెడివి. వానిలో నొకటి 1896లో కాలిపోయెను. రెండవదానిని 1900లో పడగొట్టిరి. మొదటిది మాత్రము మిగిలినది. అదియు శిథిలమై, నేల అమ్ముడుపోయి, తొలగింపవలసిన గడువు దాపురించినప్పుడు ఊరివారు సంఘముగా కూడి చందాలు పోగుచేసి, 1970లో ఆ ఏనుగును చక్రములపై నెక్కించి దాపుననున్న పురపాలక స్థలమునకు చేర్చిరి. 1976లో అది జాతీయ చారిత్రక చిహ్నమైనది. దాని పేరు లూసీ. తాజ్‌మహలును కాపాడుడని ఎవరును బ్రతిమాలనక్కఱలేదు. నవ్వు పుట్టించు మేడను మాత్రము నవ్వినవారే కాపాడవలెను.

మన చేరువన కమ్మసంద్రములో 108 అడుగుల లింగము కలదు. దానికి భక్తులే కావలి. మన హెడ్‌గేర్లకో? బాటసారికి అవి వట్టి యినుప కొయ్యలు. తేఱిపాఱ చూచిన నవి రాక్షసులు తోడుకొను బావి గిలకల వంటివి. ఇనుప త్రాటికి కట్టిన బోను వానిమీదుగానే పాతాళమునకు దిగెడిది. చాంపియన్ రీఫ్ లోతు మూడు కిలోమీటర్లకు మించినది. చేపమేడ వలెనే ఇవియు తమ పనిని తమ రూపముతోనే చెప్పును. భేద మొక్కటే: చేపను కోరి చేపగా కట్టిరి; గిలక పని పడి గిలక యైనది. మాకు ఈ రెండవదే మిన్నగా తోచును.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసిన పిమ్మట ఆ చక్రములు నిలిచిపోయినవి. బోనులో దిగి పనిచేసిన ఒక తాతగారిని అడిగితిమి. “అది తిరుగుతుంటే ఇంట్లో వాళ్లకు ధైర్యం నాయనా. వేళగాని వేళ ఆగిందంటే ఆడవాళ్లు వీథిలోకి వచ్చేస్తారు” అని ఆయన చాలసేపు అటే చూచెను. ఆ ధైర్యమును పాత ఇనుము ధరకు తూచు తక్కెడ లేదు. ఐనను ఇనుమునకు ధర కలదు, తుప్పునకు ఓపిక కలదు.

ఈ యేడు మా ఎనిమిదవ తరగతివారు ఒక్కొక్క హెడ్‌గేరు బొమ్మ గీసి, దాని భాగముల పేర్లు తాతలను అడిగి వ్రాసికొని వచ్చుచున్నారు. అందు కొన్ని తెలుగు, కొన్ని అరవము, కొన్ని దొరల మాటలు నలిగి నలిగి మనవైనవి. త్రాటిని గచ్చుచక్రపు గాడిలో సరిచూచు పనివానిని ఏమని పిలిచెడివారో ఇంతవఱకు ఇద్దఱు రెండు విధములుగా చెప్పిరి. తెలిసిన తలిదండ్రులు పిల్లలచేత చీటీ వ్రాసి పంప కోరుచున్నాము.