గలేబు మారిన పాట

కవరు అనగానే మనకి తెలిసినవి మూడే. పోస్టాఫీసులో కొనే కవరు, పిల్లల పుస్తకాలకి వేసే కవరు, కూరగాయలు తెచ్చుకునే ప్లాస్టిక్ కవరు. నాలుగోది ఒకటుందని మా కోడలు చెప్పేదాకా నాకు తెలీదు. ఒకరు పాడి పేరు తెచ్చిన పాటని మరొకరు తమ గొంతుతో, తమ పద్ధతిలో మళ్ళీ పాడితే దాన్ని ‘కవర్ వెర్షన్’ అంటారట.

“అంటే దిండు అదే, గలేబు మారిందన్నమాట” అన్నాను.

“సరిగ్గా అదే అత్తయ్యా! ఇంతకీ మీకు బాగా నచ్చిన కవర్ వెర్షన్ ఏది?” అంది.

చూడండి, అమ్మాయి మాటవరసకి అడిగిన ప్రశ్న నన్ను వారం రోజులు పట్టుకుని వదల్లేదు. అన్నం వారుస్తున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే. ఎందుకంటే ఆలోచించిన కొద్దీ, మనం ఇన్నేళ్ళుగా విన్నవాటిలో ఏది మొదటి పాటో, ఏది మారు పాటో తేల్చడం అంత సులువు కాదనిపించింది.

మన అన్నమయ్యనే తీసుకోండి. ఆయన 1503లో పరమపదించారు. తిరుమల కొండమీద రెండు వేలకు పైగా రాగిరేకుల మీద చెక్కించిన సంకీర్తనలు వెలుగు చూసింది 1922లో. ఆ రేకుల మీద ప్రతి పాటకీ రాగం పేరుంది గానీ, ఎలా పాడాలో చెప్పే స్వరాలు లేవు. అంటే మాటలు దొరికాయి, బాణీ దొరకలేదు! ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి నోట ‘నానాటి బతుకు’ విని కళ్ళు తుడుచుకోనివాళ్ళు మన ఇళ్ళల్లో తక్కువ. ఆ రేవతి రాగం బాణీ కట్టినవారు మన కాలపువారే, నేదునూరి కృష్ణమూర్తిగారు. అన్నమయ్య స్వయంగా ఎలా పాడాడో విన్న చెవి ఇప్పుడు ఈ భూమ్మీద లేదు. ఇక అసలేది, మారుదేది? మొదటి గలేబు ఎప్పుడో చిరిగిపోయింది. దిండు మాత్రం ఐదువందల ఏళ్ళనుంచీ మెత్తగానే ఉంది.

సినిమా పాటల సంగతికొస్తే మా ఇంట్లో ఒక పాత తగువుంది. 1957లో వచ్చిన ‘సువర్ణసుందరి’లో ‘హాయి హాయిగా’ ఘంటసాల, జిక్కి పాడారు. ఆదినారాయణరావుగారి సంగీతం. అదే సినిమాని హిందీలో తీసినప్పుడు ఆయనే అదే బాణీని లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ చేత ‘కుహూ కుహూ’ అని పాడించారు. మావారు ఉద్యోగం పేరుతో ఏడేళ్ళు నాగపూర్‌లో ఉండొచ్చారు కాబట్టి ఆయన ఓటు లతకి. నా ఓటు జిక్కికి. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఈ వాదన మా పిల్లల పెళ్ళిళ్ళు కూడా దాటేసింది. ఇద్దరం ఓడిపోలేదు, ఇద్దరం గెలవలేదు.

నా వాదన ఏమిటంటే, లత గొంతు వెండిదారంలా ఎక్కడా చిక్కుపడకుండా సాగిపోతుంది. వింటుంటే ఆశ్చర్యం కలుగుతుంది. జిక్కి గొంతులో మాత్రం మన వీధిలో పిల్ల ఒకతె పండగ పూట కొత్త పరికిణీ కట్టుకుని గిరగిరా తిరుగుతున్నట్టుంటుంది. ఆశ్చర్యం కాదు, సంతోషం కలుగుతుంది. “అది నీ భాష గనక నీకలా అనిపిస్తుంది” అంటారు మావారు. కావచ్చు. కానీ పాటని భాషనుంచి విడదీసి వినడానికి నేనేమైనా తబలానా?

‘మిస్సమ్మ’ది కూడా ఇదే కథ. 1955లో రాజేశ్వరరావుగారి బాణీకి ఎ.ఎం. రాజా, సుశీల పాడిన ‘బృందావనమది’, రెండేళ్ళకి ‘మిస్ మేరీ’లో రఫీ, లతల గొంతులో హిందీ వేషం కట్టింది. అక్కడ ఆ సినిమాకి సంగీతం హేమంత్ కుమార్‌గారిదే అయినా ఈ బాణీని మాత్రం అలాగే ఉంచారు. మన సరుకు ఉత్తరాదికి వెళ్ళిందంటే నాకు ఇప్పటికీ చిన్న గర్వం. మావారి దగ్గర ఈ పాట ఎత్తితే పేపరు అడ్డం పెట్టుకుంటారు.

ఇక 1980లో ‘శంకరాభరణం’ వచ్చాక జరిగిన చిత్రం మీకూ గుర్తుండే ఉంటుంది. ‘బ్రోచేవారెవరురా’ మైసూరు వాసుదేవాచార్యులవారు ఖమాసు రాగంలో చేసిన కీర్తన. కచేరీల్లో పెద్ద పెద్ద విద్వాంసులు పాడుతూ వచ్చినదే. సినిమాలో బాలసుబ్రహ్మణ్యం, వాణీజయరాం పాడేసరికి అది వీధివీధికీ వచ్చేసింది. ఆ తర్వాత పెళ్ళిచూపుల్లో “ఒక పాట పాడమ్మా” అంటే చాలు, పిల్ల ఆ కీర్తనే ఎత్తుకునేది, అదీ సినిమాలో ఎక్కడ ఊపిరి తీసుకున్నారో సరిగ్గా అక్కడే ఊపిరి తీసుకుంటూ! మా ఆడపడుచుకి సంగీతం చెప్పే మేష్టారు తలపట్టుకునేవారు. “అమ్మా, ఆ సినిమావాళ్ళు కీర్తనని చూసి పాడారు, నువ్వు సినిమాని చూసి పాడుతున్నావు. కీర్తన దగ్గరికి ఎప్పుడొస్తావు?” అనేవారు. నకలుకి నకలన్నమాట. అయినా ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ సినిమా లేకపోతే ఆ పిల్లల్లో సగంమంది ఆ కీర్తన గడప తొక్కేవారే కారు.

టేపురికార్డర్ల రోజుల్లో మరో ముచ్చట. తిరునాళ్ళలో కాసెట్టు చవగ్గా వస్తోందని కొనేవాళ్ళం. పైన అట్టమీద నాగేశ్వరరావు, సావిత్రి బొమ్మ. ఇంటికొచ్చి పెడితే లోపల ఎవరిదో తెలియని గొంతు! అక్షరాలు అవే, బాణీ అదే, మనిషి మాత్రం కాదు. “ఇదేమిటే, ఘంటసాలకి జలుబు చేసిందా?” అని మా అత్తగారు అడిగితే ఇల్లంతా నవ్వుకున్నాం. ఇప్పుడలా కుదరదట. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి ఇటువంటి వాటికి ఒక పద్ధతి పెట్టారు. మొదటి రికార్డు వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్ళు ఆగాలి. హక్కుదారులకి ముందే తెలియజెయ్యాలి. ఎన్ని అమ్ముడయినా, ఏడాదికి కనీసం యాభైవేల ప్రతుల లెక్కన వాళ్ళకి సొమ్ము కట్టాలి. మొదట పాడినవారి పేరుగానీ బొమ్మగానీ అట్టమీద వెయ్యకూడదు. ఇది కవర్ వెర్షన్ అని స్పష్టంగా చెప్పాలి. పాటలో మాటల్ని ఇష్టం వచ్చినట్టు మార్చనూ కూడదు. న్యాయమే. కష్టపడి కట్టినవాళ్ళ కూడు పోకూడదు కదా.

కానీ నేను చెప్పబోయే కవర్ వెర్షన్లు ఏ చట్టంలోకీ రావు. వాటికి అట్టలేదు, ధరలేదు, రికార్డు అసలే లేదు.

మా చిన్నప్పుడు పేరంటానికి వెళితే పసుపు, కుంకుమ, తాంబూలం, సెనగలతోపాటు పాట కూడా ఉండేది. “వదినా, నువ్వొకటి పాడాలి” అంటే “అబ్బే, నాకేం వచ్చు” అని బెట్టు చేసి, మూడోసారి అడిగేసరికి గొంతు సవరించుకునేవారు. ‘లవకుశ’ 1963లో వచ్చాక ఒకటే సందడి. లీల, సుశీల పాడిన ఆ పాటల్ని ప్రతి వీధిలోనూ ఇద్దరేసి అక్కచెల్లెళ్ళు పంచుకుని పాడేవారు. మా పిన్ని వాటిలో దిట్ట. ఆవిడ గొంతు కొంచెం బొంగురు. పైస్థాయికి వెళ్ళాల్సిన చోట ఆవిడ కిందికి దిగి, అక్కడే ఒక మెలిక తిప్పి పాటని క్షేమంగా ఇంటికి చేర్చేది. సీతమ్మ కష్టం ఆ బొంగురులో ఎంత బాగా ఒదిగేదో చెప్పలేను.

ఒక పెళ్ళిలో మగపెళ్ళివారి తరఫు పెద్దమనిషి ఒకాయన అంతా విని, “బాగానే ఉంది గానీ, సుశీలలా లేదు” అన్నాడు. అంతే. అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. ఆ తర్వాత నలుగురిలో మళ్ళీ పాడలేదు. ఎన్నిసార్లు అడిగినా “రేడియోలో వస్తుందిగా, వినండి” అనేది. నిజమే, రేడియోలో సుశీలగారు వస్తారు. రేపూ వస్తారు, ఎల్లుండీ వస్తారు. మా పిన్ని మాత్రం ఏ స్టేషనులోనూ రాలేదు. ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది. ఆ మెలిక ఎలా తిప్పేదో ఇప్పుడు పాడి చూపించగలవాళ్ళు మా వంశంలో ఎవరూ లేరు.

అందుకే అంటున్నాను. రికార్డు మనకి గొప్ప గొంతుల్ని ఇంటింటికీ తెచ్చిపెట్టింది, కాదనను. దానితోపాటు ఒక కొలబద్దని కూడా తెచ్చి గుమ్మంలో నిలబెట్టింది. ‘అలా పాడగలిగితే పాడు, లేకపోతే ఊరుకో’ అంటుంది అది. ఊరుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఇప్పుడు వరలక్ష్మీవ్రతానికి వెళితే మంగళహారతి కూడా స్పీకరులోంచే వస్తోంది. హారతి పళ్ళెం పట్టుకున్నావిడ పెదవులు కదపడం లేదు. ముప్ఫైమంది గొంతులున్న హాల్లో పాడుతున్నది ఆ డబ్బా ఒక్కటే!

నకలు చెయ్యడం తప్పని నేననను. సంగీతం నేర్చుకోవడమే గురువుగారు అన్నది తిరిగి అనడంతో మొదలవుతుంది. కాకపోతే, ఆవకాయకి కొలతలు అమ్మ చెప్పినవే అయినా కలిపే చెయ్యి మనది. అమ్మ జాడీలో రుచి మన జాడీలో రాలేదని ఎవరైనా మామిడికాయలు పారేశారా?

జోలపాటల్లో ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ‘జో అచ్యుతానంద’ పాడని తల్లి మన తెలుగునాట ఉందా? ముకుందుణ్ణి పిలిచే చోట మా అమ్మ మా తమ్ముడి పేరు చేర్చేది, నేను మా అబ్బాయి పేరు చేర్చాను. ఫోనులో పెట్టిన జోలపాట ఎంత తియ్యగా ఉన్నా మీ పాపాయి పేరు దానికి తెలీదు.

ఇక మా కోడలు అడిగిన ప్రశ్నకి జవాబు. నాకన్నిటికన్నా నచ్చిన కవర్ వెర్షన్ మా అత్తగారిది. పాట ‘కుడి ఎడమైతే’. 1953లో వచ్చిన ‘దేవదాసు’లో, సుబ్బరామన్‌గారి బాణీకి ఘంటసాల పాడినది. తెరమీద అది తాగినవాడి పాట. అక్కినేని కళ్ళు, ఆ తూలడం, అన్నీ మనకి తెలిసినవే. ఆ సినిమాని మా అత్తగారు మామగారితో కలిసి టూరింగు టాకీసులో చూశారట. 1961లో మామగారు పోయేనాటికి ఆవిడ చేతిలో ముగ్గురు పిల్లలు, ఒక కుట్టుమిషను.

నేను కాపురానికి వచ్చేసరికి ఆవిడకి యాభై దాటాయి. మధ్యాహ్నం రుబ్బురోలు ముందు కూర్చుని పొత్రం తిప్పుతూ ఆ పాట అందుకునేవారు. పొత్రం తిరిగే లెక్కే తాళం. పిండి తోయాల్సి వచ్చినప్పుడు మాట మధ్యలో పాట ఆగేది. తోశాక ఆగినచోటునుంచే మళ్ళీ మొదలయ్యేది. అందులో మత్తు లేదు, ఏడుపు లేదు, తనమీద తనకి జాలి లేదు. జీవితం అటుదిటైన మనిషి కూర్చుని, చాకలిపద్దు చూసుకున్నట్టు, జమాఖర్చు సరిచూసుకుంటున్నట్టుండేది. నేను మొదటిసారి విన్నప్పుడు వంటింటి గుమ్మం దగ్గర చేటతో అలాగే నిలబడిపోయాను. ఆవిడ తలెత్తి, “బియ్యంలో రాళ్ళు ఏరడం అయిందా అమ్మాయ్?” అన్నారు.

దేవదాసు ఆ పాట పాడి ఏ పనీ చెయ్యలేదు. మా అత్తగారు అది పాడుతూ ముగ్గురు పిల్లల్ని పైకి తెచ్చారు. ఘంటసాలగారు వింటే ఏమనుకునేవారో గానీ, నాకు మాత్రం ఆ పాట అసలు ఆవిడ కోసమే పుట్టి, దారి తప్పి సినిమాలోకి వెళ్ళిందేమో అనిపిస్తుంది.

ఇదంతా చెబితే మా కోడలు, “అయ్యో, ఎవరూ రికార్డు చెయ్యలేదా అత్తయ్యా?” అంది. చెయ్యలేదు. చేసి ఉంటే వినేవాళ్ళమే. కానీ అసలు ఊరట రికార్డులో లేదు, పాడే నోట్లో ఉంది. మీ ఇంట్లోనూ ఒక అత్తగారో, పిన్నో, అక్కో ఉండే ఉంటారు, “నాకేం వచ్చు” అంటూ మూడోసారి అడగడం కోసం ఎదురుచూస్తూ. వచ్చే శ్రావణమాసం పేరంటంలో ఆ స్పీకరు కాస్సేపు కట్టేసి, మూడోసారి కూడా అడిగి చూడండి. శ్రుతి తప్పుతుందని భయం వద్దు. చేతిలో సెనగల పొట్లం ఉన్నప్పుడు శ్రుతి తప్పిందని ఎవరూ లేచిపోరు.