రెండో ఆటకి దొరికిన టిక్కెట్టు

హీరో హైదరాబాదు బస్టాపులో హీరోయిన్ని చూస్తాడు. ఆమె ఓరగా నవ్వుతుంది. అంతే! మరుసటి షాట్‌లో ఇద్దరూ మంచుకొండల మీద! అతని మెడలో మఫ్లరు, ఆమె ఒంటిమీద పల్చటి షిఫాన్ చీర. చలి చూసేవాళ్ళకే గాని ఆమెకి వెయ్యదు. అంతా బాగానే ఉంది. కానీ ఈ రెండు షాట్ల మధ్య వీసా ఆఫీసు ఏదండీ? ఫైలు చంకలో పెట్టుకుని టోకెను నంబరు కోసం ఎదురుచూసే సీను ఏదండీ? ఎడిటరుగారు కత్తిరించేశారు. ఆ కత్తిరించిన రీలు నా దగ్గరుంది. ఈ వారం మీకు చూపిస్తాను.

నేను పదేళ్ళుగా పత్రికలకి సినిమా సంగతులు రాస్తున్నాను. ఏ ఆఫీసులోనూ నాకు కుర్చీ లేదు. రాస్తే డబ్బు, రాయకపోతే లేదు. ఈ పదేళ్ళలో 'స్విట్జర్లాండ్ అందాల నడుమ చిత్రీకరించిన యుగళగీతం' అని ఎన్ని ఫొటోల కింద రాశానో లెక్కలేదు. ఒకరోజు మా అక్క కూతురు అడిగింది.

"మామయ్యా, అక్కడ నిజంగా అంత పచ్చగా ఉంటుందా?"

"ఓ! ఉంటుంది."

"నువ్వెళ్ళావా?"

డిగ్రీ రెండో సంవత్సరం చదివే పిల్ల. ఇంకేం అబద్ధం ఆడతాం? "లేదమ్మా" అన్నాను. ఆ ఒక్క ముక్క నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

పదిహేను రోజులు, ఏడు దేశాలు!

2023లో బయల్దేరాలని నిశ్చయించుకున్నాను. మీకు తెలిసే ఉంటుంది, యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకే వీసా ఉంది. దాని పేరు షెంజెన్ వీసా. షెంజెన్ అంటే అదేదో పెద్ద నగరం అనుకునేరు! లక్సెంబర్గ్‌లో మోసెల్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 1985 జూన్ 14న అక్కడ ఒక పడవ మీద అయిదు దేశాలవాళ్ళు ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఆ అయిదూ ఇప్పుడు ఇరవై తొమ్మిదయ్యాయి. ఒక్క స్టిక్కరుతో ఇరవై తొమ్మిది దేశాలూ తిరగొచ్చు. అయితే ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు మించి ఉండకూడదు.

ఒక్క టిక్కెట్టుకి ఇరవై తొమ్మిది సినిమాలంటే ఎవరికి ఆశ పుట్టదు? ఒక ఏజెంటుని పట్టుకున్నాను. ఆయన పదిహేను రోజుల్లో ఏడు దేశాలు చుట్టేలా ప్రోగ్రాం వేశాడు. పొద్దున పారిస్, రాత్రి రైల్లో నిద్ర, తెల్లారితే ఇంకో దేశం. హోటళ్ళ బుకింగులు కూడా ఆయనే చేశాడు. వీసా చేతికి రాగానే రద్దు చేసుకునే బాపతు.

"బ్యాంకులో ఎంతుంది?" అన్నాడు.

చెప్పాను. పెదవి విరిచాడు.

దాంతో మా బావ మూడు లక్షలు నా ఖాతాలో వేశాడు. సరిగ్గా దరఖాస్తుకి వారం ముందు! పాస్‌బుక్కులో ఆ సున్నాలు చూసుకుని నేను కూడా మురిసిపోయాను. నా సొమ్మే అన్నంత ధీమా వచ్చింది.

ఫైలు ఏ దేశం కాన్సులేటుకి వెళ్ళిందో చెప్పను. చెప్పి లాభం లేదు. ఎందుకంటే తప్పు వాళ్ళది కాదు. మూడు వారాల తర్వాత పాస్‌పోర్టు కవరులో తిరిగొచ్చింది. అందులో స్టిక్కరు లేదు. మడతపెట్టిన కాగితం ఒకటుంది. అచ్చువేసిన కారణాల జాబితాలో రెండు గళ్ళలో టిక్కులున్నాయి. మీరు చెప్పిన ప్రయాణ కారణానికీ, ఉండబోయే తీరుకీ తగిన ఆధారం లేదు అని మొదటిది. గడువులోపల మీరు తిరిగి వెళ్ళిపోతారన్న నమ్మకం కలగలేదు అని రెండోది.

మొదటిదానికి బాధపడలేదు. రెండోదే గుచ్చుకుంది. అమ్మా నాన్నా ఇక్కడ, బావ దగ్గర చేబదులు ఇక్కడ, రాయాల్సిన వ్యాసాలు ఇక్కడ. నేనెక్కడికి పారిపోతానండీ? కట్టిన 80 యూరోల రుసుము తిరిగి రాదు. ఏజెంటు కమీషను సరేసరి.

చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు

వీసా పోయిన తెలుగువాడు ఎక్కడికి వెళ్తాడు? గండిపేట చెరువు దాపున ఉన్న చిలుకూరుకి! నేనూ వెళ్ళాను. అక్కడి బాలాజీకి 'వీసా బాలాజీ' అని పేరు పడిపోయింది. ఆ గుళ్ళో హుండీ లేదు, వి.ఐ.పి. దర్శనం లేదు. కోరిక కోరుకుంటే 11 ప్రదక్షిణలు, తీరితే వచ్చి 108 ప్రదక్షిణలు. లెక్క తప్పకుండా ఉండడానికి చేతిలో అంకెలున్న కార్డూ, పెన్సిలూ. కూతురి పురుడు కోసం అమెరికా వెళ్ళాల్సిన పెద్దావిడ, పై చదువు కోసం కుర్రాడు, కొత్త పెళ్ళికూతురు... అందరూ ఒకే గుండ్రంలో గబగబా నడుస్తున్నారు. అంతమంది ఒకే కోరికతో ఒకే వైపు నడవడం నేను సినిమా హాలు బుకింగు దగ్గర తప్ప ఇంకెక్కడా చూళ్ళేదు.

నా పక్కనే నడుస్తున్న కుర్రాడు చెప్పాడు. "అన్నా, నాది రెండుసార్లు పోయింది. రెండుసార్లూ అవే కాగితాలు ఇచ్చిన."

"మరి మూడోసారి?"

"అవే కాగితాలు. ఈసారి దేవుణ్ణి గూడ మొక్కిన."

నవ్వొచ్చింది. తరవాత నా సంగతి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. నేను చేయబోయేదీ అదే కదా!

"ఒక్క ఉత్తరం చాలు"

కాదు, నేను చేయబోయింది అంతకంటే ఘనకార్యం. ఏజెంటు మళ్ళీ ఫోను చేశాడు. "మీకు ఉద్యోగం లేకపోవడమే చిక్కండీ. ఒక కంపెనీ లెటర్‌హెడ్ మీద మేనేజరని ఉత్తరం ఇప్పిస్తాను. మూడు నెలల జీతం స్లిప్పులు కూడా. ఒక్క ఉత్తరం చాలు!"

నిజం చెప్పేస్తాను. వెంటనే కాదనలేదు. 'ఆలోచించి చెబుతా' అన్నాను. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి 'మేనేజరు' అని ఒకసారి అనుకుని చూసుకున్నాను కూడా. ఫ్రీలాన్సు అని చెప్పుకున్నప్పుడల్లా ఎదుటివాళ్ళ మొహంలో కనిపించే ఆ జాలి ఉంది చూశారూ, అది మేనేజరు అన్నప్పుడు కనిపించదు.

ఆ వారం తెనాలి వెళ్ళాను. మా నాన్న సినిమా హాలు బుకింగు కౌంటర్లో ముప్ఫై ఏళ్ళు టిక్కెట్లు కోశారు. వీసా కాగితం చూపించి, ఏజెంటు మాటా చెప్పాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని కాగితం రెండుసార్లు చదివారు.

"ఒరే, కౌంటర్లో కూర్చున్నవాడికి నీ మొహంతో పనిలేదు. వెనక వందమంది ఉంటారు. నీ చేతిలో టిక్కెట్టూ, నువ్వెక్కే మెట్లూ కలిశాయా లేదా, అదే చూస్తాడు. నువ్వు నేల టిక్కెట్టు పట్టుకుని బాల్కనీ మెట్లెక్కావు. ఆపాడు. అందులో తప్పేముంది?"

"అయితే బాల్కనీ టిక్కెట్టు సంపాదించమంటావా నాన్నా?"

"దొంగ టిక్కెట్టా?" అని ఒక్క క్షణం ఆగారు. "దొంగ టిక్కెట్టువాణ్ణి గేటు దగ్గరే పట్టేవాళ్ళం. మళ్ళీ ఏ ఆటకీ లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు. నేలలో కూర్చున్నా సినిమా అదే కదరా! రాసుకుని బతుకుతున్నానని చెప్పడానికి నీకంత నామోషీ ఏవిటి?"

ఏజెంటుకి ఆ రాత్రే ఫోను చేసి వద్దని చెప్పేశాను. నాకు గుచ్చుకున్న ముల్లు ఏదో అప్పుడు తెలిసింది. వాళ్ళు తిరస్కరించింది నన్ను కాదు. ఆ ఫైల్లో ఉన్నవాణ్ణి. ఏడు దేశాలు తిరిగే, ఉన్నట్టుండి మూడు లక్షలు వచ్చిపడ్డ ఆ పెద్దమనిషి ఎవరో నాకే తెలియదు. వాళ్ళెలా నమ్ముతారు?

నేల టిక్కెట్టు ఫైలు

షెంజెన్ వీసా పోతే రెండు దారులున్నాయి. అప్పీలు చేసుకోవచ్చు. ఎలా చేయాలో, ఎన్ని రోజుల్లో చేయాలో ఆ కాగితం మీదే ఉంటుంది. గడువు దేశానికో రకం. ఫైలు నిజంగా బాగుండి వాళ్ళు పొరబడ్డారనుకుంటే అది దారి. ఫైల్లోనే లోపం ఉంటే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవడమే మేలు. ఇన్ని నెలలు ఆగి తీరాలన్న నియమం లేదు, మర్నాడే పెట్టుకోవచ్చు. కానీ మర్నాటికి మీ బతుకులో ఏం మారుతుంది? నేను ఏడాది పైన ఆగాను.

బావ డబ్బు బావకి ఇచ్చేశాను. రాసినదానికి వచ్చిన ప్రతి పైసా ఖాతాలోనే వేశాను. ఒకచోటి నుంచి నాలుగు వేలు, ఇంకోచోటి నుంచి ఏడు వేలు. చీమల బారులా ఉంది ఆ స్టేట్‌మెంటు. కానీ ఆ బారులో ప్రతి చీమా నాదే. మూడేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులు జతచేశాను. నా వ్యాసాలు వేసుకునే పత్రిక నుంచి 'ఇతను మాకు ఇన్నేళ్ళుగా రాస్తున్నాడు, తిరిగొచ్చాక ఫలానా వ్యాసం ఇవ్వాలి' అని ఉత్తరం తీసుకున్నాను. ఇది అసలు సిసలు ఉత్తరం.

ఏడు దేశాల ప్రోగ్రాం చింపేశాను. ఒకే దేశం స్విట్జర్లాండ్. ఎనిమిది రోజులు. హాస్టల్లో ఒక మంచం. సొంత ఖర్చు మీద వచ్చేవాళ్ళకి రోజుకి వంద ఫ్రాంకుల చొప్పున ఆధారం చూపాలని ఆ దేశం లెక్క. నా చీమల బారు దానికి సరిపోయి మిగిలింది. 30,000 యూరోలకి తగ్గని ప్రయాణ బీమా తీసుకున్నాను.

ఇక అసలు సందేహం. పాత తిరస్కారం సంగతి చెప్పాలా, దాచాలా? 'వేరే దేశానికి పెడుతున్నావుగా, వాళ్ళకెలా తెలుస్తుంది?' అన్నాడో మిత్రుడు. తెలుస్తుందండీ! ఈ దేశాలన్నిటికీ కలిపి ఒకే కంప్యూటరు చిట్టా ఉంది. ఒకరు కాదన్న సంగతీ, పది వేళ్ళ ముద్రలూ అందులో ఉంటాయి. అందుకని ఉత్తరం మొదట్లోనే రాసేశాను. '2023లో నాకు వీసా నిరాకరించారు. అప్పటి ప్రోగ్రాం నా స్తోమతుకి మించినది. ఖాతాలో డబ్బు బంధువుది. ఇప్పుడు మారినవి ఇవి' అంటూ నాలుగు వరుసలు. పదేళ్ళలో నేను రాసినవాటిల్లో అతి చిన్న వ్యాసం, అన్నిటికంటే కష్టపడి రాసింది అదే.

2025 ఫిబ్రవరిలో పెట్టాను. రుసుము ఈలోగా పెరిగింది. 2024 జూన్ నుంచి 90 యూరోలు. మన లెక్కలో ఎనిమిది వేలు దాటింది. ఫైలు తీసుకునే కేంద్రంవాళ్ళ చార్జీ వేరే. మామూలుగా నిర్ణయం 15 రోజుల్లో వస్తుంది, కొన్ని కేసుల్లో 45 దాకా లాగుతారు. నాకు పన్నెండో రోజున కవరు వచ్చింది. చింపడానికి చేతులాడలేదు. మా అక్క కూతురే చింపింది.

స్టిక్కరుంది!

ఇక పాట మొదలు

మే నెలలో జూరిక్‌లో దిగాను. రైల్లో బెర్న్ మీదుగా రెండు గంటల్లో ఇంటర్లాకెన్. తూన్, బ్రియెంజ్ అనే రెండు సరస్సుల మధ్య ఉన్న ఊరు. ఆ పేరుకి అర్థమూ అదే. 1964లో విడుదలైన 'సంగం' కోసం రాజ్‌కపూర్ యూనిట్‌ని ఈ దేశం తీసుకొచ్చాడు. 1980లు ముగిసేసరికి కాశ్మీరులో షూటింగులు కష్టమయ్యాయి. దాంతో హిందీ పాటలు ఈ కొండలకి వలస వచ్చాయి. వెనకే మనవీ వచ్చాయి. యశ్ చోప్రా వీళ్ళకి ఎంత దగ్గరివాడయ్యాడంటే 2016లో కుర్సాల్ తోటలో ఆయన కంచు విగ్రహం పెట్టారు. మన దర్శకుడి విగ్రహం పరాయి ఊళ్ళో! పక్కన నిలబడి ఫొటో దిగకుండా ఉండగలనా?

యుంగ్‌ఫ్రావ్‌యోక్ ఎక్కాను. 3,454 మీటర్ల ఎత్తు. 1912లోనే కొండని తొలిచి అక్కడిదాకా రైలు వేశారు మహానుభావులు. టిక్కెట్టు రెండొందల ఫ్రాంకులు దాటింది. దాని కోసం మిగతా రోజులు హాస్టల్ వంటగదిలో అన్నం వండుకుని అమ్మ ఇచ్చిన కందిపొడితో తిన్నాను. పైన మంచులో పది నిమిషాలు నిలబడేసరికి చెవులు పోయినంత పనయింది. షిఫాన్ చీరలో నాలుగు రోజులు డాన్సు చేసే హీరోయిన్లకి ఆ క్షణంలో మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ వాళ్ళ మీద వేసిన జోకులన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

బ్రియెంజ్ సరస్సు ఒడ్డున ఇసెల్ట్‌వాల్డ్ అనే పల్లె ఉంది. ఒక కొరియా సీరియల్లో హీరో అక్కడి చెక్క వంతెన మీద పియానో వాయించాడట. జనం ఎగబడేసరికి 2023లో గేటు పెట్టి అయిదు ఫ్రాంకులు తీసుకుంటున్నారు. మా నాన్న చూస్తే ఆ కౌంటర్లో కూర్చునేవారు!

లౌటర్‌బ్రున్నెన్ లోయలో దాదాపు మూడొందల మీటర్ల ఎత్తు నుంచి జలపాతం పడుతుంది. కింద పచ్చిక, మెడలో గంటలతో ఆవులు. అక్కణ్ణించి మా అక్క కూతురికి ఫోను చేశాను.

"చెప్పు మామయ్యా! అంత పచ్చగా ఉందా?"

"ఉందమ్మా. పేడ వాసన కూడా ఉంది. అది మనవాళ్ళు సినిమాలో చూపించలేదు."

ఎనిమిదో రోజున అన్న ప్రకారం తిరుగు విమానం ఎక్కాను. వచ్చాక చిలుకూరు వెళ్ళి 108 ప్రదక్షిణలూ చేశాను. ఆ కుర్రాడు కనిపిస్తాడేమోనని చూశాను గాని కనిపించలేదు. మూడోసారి కాగితాలు మార్చి పెట్టాడనీ, ఇప్పుడు ఎక్కడో హాయిగా తిరుగుతున్నాడనీ నేననుకుంటున్నాను.

తెనాలిలో మా నాన్న పాస్‌పోర్టు తీసుకుని స్టిక్కరు మీద తేదీలు చూశారు. మళ్ళీ విమానం టిక్కెట్టు మీద తేదీలు చూశారు.

"కలిశాయి" అన్నారు. పాస్‌పోర్టు మూసి నా చేతిలో పెట్టారు.