కృష్ణ గట్టున ముడుచుకున్న ఆకు

తంగిడి దగ్గర భీమను కలుపుకొని కృష్ణ తెలంగాణలోకి వస్తుంది. ఆ దిక్కు నేను పెద్దగా తిరగలేదు. జూరాల దగ్గర అందరిలాగే గేట్లు చూసి, చేపల పులుసు తిని కదులుతాను. కాళ్లు ఆగేది బీచుపల్లిలో. అంజన్న గుడి, 2016 పుష్కరాలకు జనం కిక్కిరిసిన మెట్లు, కర్నూలు రోడ్డు వంతెన, అవతలి గట్టున వనపర్తి జిల్లా రంగాపూర్: నా చిన్నతనమంతా ఇక్కడే.

ఇక్కణ్ణుంచి అలంపూర్ దాకా నడిగడ్డలో ఎన్నో మిరప చేలు. ఒక మొక్క దగ్గర కూర్చున్నాను. ఆకుల అంచులు పైకి ముడుచుకున్నాయి, ఈనెల మధ్య పసుపు కమ్మింది, కణుపులు దగ్గరపడి మొక్క గిడసబారింది. ఆకు తిప్పితే తెల్లదోమ లేచింది. ‘జెమిని వచ్చింది’ అంటారు రైతులు.

దోమ రసం పీల్చేటప్పుడు ఆ జెమిని వైరస్ మొక్కలో పడుతుంది. అసలు ప్రయాణం అక్కణ్ణుంచే. ఒంటిపోగు డీఎన్‌ఏ చుట్ట, సుమారు 2,700 బేస్‌లు, అంతే దాని ఆస్తి. నకళ్లు తీసే సరంజామా మొక్క కణం న్యూక్లియస్‌లో ఉంది. ఆ న్యూక్లియస్ గోడకున్న రంధ్రాలు జూరాల గేట్ల లాంటివి, ఊరికే లేవవు. వైరస్ పైపొర ప్రోటీన్ మీద ‘లోపలికి పోవాల్సిన సరుకు’ అన్న గుర్తు ఉంటుంది. అది చూసి ఇంపోర్టిన్ అనే కణం సొంత ప్రోటీనే దాన్ని మోసుకుపోతుంది. లోపల ఒంటిపోగు జంటపోగవుతుంది. ఎదుగుదల ఆగిన కణం కూడా మళ్లీ డీఎన్‌ఏ నకళ్లకు దిగుతుంది. మనుషుల్లో ఫ్లూ వైరస్ జన్యువులు న్యూక్లియస్‌కు చేరేదీ ఈ తీరునే.

అక్కడిదాకా పోయినదాన్ని ఏ మందు చంపుతుంది? అయినా ఓ దుకాణంలో ‘వైరస్ మందు’ అని డబ్బా ఉద్దెరకు చేతిలో పెట్టారు. ముడుచుకున్న ఆకును విప్పే మందు లేదు. దోమ మందైనా ముందే పనికొస్తుంది, అదీ కొంతవరకే. కొట్టిన మందు కాలువ పట్టి కృష్ణకు చేరుతుంది, ఖాళీ డబ్బాలూ అంతే. ఆ నీళ్లే కింద ఎల్లూరు దగ్గర ఎత్తి తాగడానికి ఇస్తారు. శ్రీశైలం నీళ్లకు ఊళ్లు వదిలిన జనం ఉన్న నేల ఇది. తాగే నీళ్లయినా మంచివి దక్కొద్దా?

నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల రేవు దగ్గర నేను ఆగిపోయాను. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా పోయే ఓపిక లేదు. వెనక వదిలొచ్చిన మిరప చేలకు కావాల్సింది నారుమడి మీద సన్నకన్ను నైలాన్ వల, చేను చుట్టూ రెండు మూడు వరసల జొన్నో మొక్కజొన్నో, తెగులు సోకిన మొక్కను కనబడగానే పీకేసే చెయ్యి. మందు డబ్బాకు దొరికినంత సులువుగా ఆ వలకూ ఉద్దెర దొరకాలి.