బెదరు గుఱ్ఱము

ఓరుగంటికోట చేరువ నొక రేకుల కొట్టములో పెండ్లి గుఱ్ఱమునకు నడక నేర్పుచుండఁగా, మేము మా చిన్నదానితోఁ గూడ చూడఁబోయితిమి. ఎండలోనుండి నీడకు రాఁగానే గుఱ్ఱము నిలిచిపోయెను. మూల రేకు చప్పుడు కాఁగా బెదరి ప్రక్కకు దుమికెను. కొరడా యేదని మే మడిగితిమి.

"కొడితే ఈ మూలంటే దెబ్బ అని నేర్చుకుంటదమ్మా, భయం పోదు" అని సాయిబు నవ్వెను.

కన్నులు తలకు రెండు ప్రక్కల నుండుటచే గుఱ్ఱము దాదాపు చుట్టును చూచును గాని, ముక్కు నెదుటను తోఁక వెనుకను గానదు. వెలుఁగు మాఱినచో దాని కన్ను సర్దుకొనుటకు మనకంటె నెక్కువ కాలము పట్టును. ఆతఁడు దానిని దూరముననే త్రిప్పి, తల దించినప్పుడెల్ల మెడ నిమిరి, ఒక్కొక్క యడుగే దగ్గఱకుఁ దెచ్చెను. అరగంటకు గుఱ్ఱము ఆ మూల దాఁటెను.

సోదరీమణులారా, భారతములో నలుఁ డెఱిఁగిన విద్యకు అశ్వహృదయమని పేరు. అందు హృదయమను మాట యేల వచ్చెనో మాకు నాఁడు తెలిసెను.

మా చిన్నది లెక్కల పుస్తకము చూచి వణఁకును. పంతులుగారి బిడ్డకు లెక్కలు రావా యను సిగ్గుచే మేము మూఁడు నెలలుగా మొట్టుచుంటిమి. ఆ రాత్రి దాని ప్రక్క ఊరక కూర్చుంటిమి. అది రెండు కూడికలు వేసి, తల వంచుకొని దెబ్బకై యెదురుచూచెను. మేము వీపు నిమిరితిమి.